నిమ్మకాయ కాపలా

మొన్న పెనుగొండ అమ్మవారి దర్శనానికి వెళ్ళి, కారు ఎక్కడ ఆపాలా అని చూస్తుంటే, ఎవరో ఒకాయన అరచెయ్యి బోర్లా పెట్టి గాలిని మెల్లగా కిందికి నొక్కుతూ నిదానం అన్నట్టు సైగ చేశాడు. నా కాలు దానంతట అదే బ్రేకు మీదికి వెళ్ళిపోయింది. ఏమైందని మా ఆవిడ అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ సైగ మా కొట్లో పనిచేసిన పెద్దాయనది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన చేసింది మంచి పనో చెడ్డ పనో, ఆ తర్వాత నేను ఆయనకి చేసింది మేలో కీడో, ఈ ఏడాదిలో నాకు ఒక్క రోజు కూడా తేలలేదు. అందుకే రాస్తున్నాను. రాస్తే తేలుతుందన్న నమ్మకం కూడా పెద్దగా ఏమీ లేదు.

రాజమండ్రి మెయిన్‌రోడ్డులో మాది బట్టల కొట్టు. మా తాతగారి హయాంలో రెండు గదులు, ఇప్పుడు మూడంతస్తులు, ముందు ఆరు కార్లు పట్టే జాగా. ఆ జాగాకి పెద్దాయన వాచ్‌మన్. ఆయనకి పేరు లేకపోలేదు, కానీ కొట్లో ఎవరూ ఆ పేరుతో పిలిచి ఎరగరు. నేనూ ఇక్కడ రాయను.

మా దగ్గరికి రాకముందు ఆయన కోటిపల్లి రేవులో పంటు మీద పనిచేశాడు. మనుషులతో పాటు కార్లనీ మోటారు సైకిళ్ళనీ ఎక్కించుకుని గోదావరి దాటించే పంటు అది. దాని మీద బండ్లు సర్దడం ఆయన పని. బరువంతా ఒక పక్కకి చేరితే పంటు ఒరుగుతుంది కాబట్టి పెద్ద బండి మధ్యకి, చిన్న బండి అంచుకి, ఇటొకటి పెడితే అటొకటి. ఆ లెక్క ఆయన ఒంట్లో ఇంకిపోయింది. మా కొట్టు ముందు సిమెంటు నేల మీద కూడా కార్లని అలాగే సర్దేవాడు. ఎవరైనా పెద్ద కారు తెచ్చి చివర ఆపితే చెయ్యి బోర్లా పెట్టి, ‘మధ్యలోకి రండి బాబుగారూ, అక్కడెడితే ఒరిగిపోద్దండి’ అనేవాడు. ఏది ఒరిగిపోతుందో అర్థంకాక జనం నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. హాస్యానికి అంటున్నాడా, నిజంగానే భయపడుతున్నాడా అని నేను చాలాసార్లు ఆయన మొహంలోకి చూశాను. మొహం ఏమీ చెప్పేది కాదు.

ఇంకో అలవాటు కూడా ఆయన పంటు మీంచి తెచ్చుకున్నాడు. పంటు నిండిపోయినా సరే, తాడు విప్పే దాకా చివర ఒక బండి పట్టే చోటు ఖాళీగా ఉంచేవాడట. నొప్పులు పడుతున్న మనిషో, పాము కరిచిన మనిషో ఏ క్షణాన రేవులో దిగుతారో తెలీదు. ఎవరూ రాకపోతే పంటు ఆ ఖాళీతోనే అవతలి ఒడ్డుకి వెళ్ళేది. రేవు వేలంలో పాడుకున్నాయన దీని గురించి రోజూ తిట్టేవాడట. పెద్దాయన ఆ తిట్లని ఎండా వానా తీసుకున్నట్టు తీసుకునేవాడు.

మా జాగాలో అలాంటి చోటు ఒకటి ఏర్పడడానికి కారణం టీచరుగారు. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. చిన్నప్పటి పోలియో వల్ల రెండు కాళ్ళూ పట్టు తప్పాయి. చంక కర్రలతో నడుస్తారు, పక్క చక్రాలు బిగించిన స్కూటీ మీద వస్తారు, వెనక వాళ్ళమ్మగారు కూర్చుంటారు. ఒక వానాకాలం మా జాగా అంతా కార్లతో నిండిపోతే ఆవిడ రోడ్డుకి అవతల బండి ఆపుకుని, దాటుతూ కాలవ పలక మీద జారి, ఆ నీళ్ళలోనే కూర్చుండిపోయారు. లేపి లోపలికి తీసుకొచ్చాం. తడిబట్టలతోనే ఒక నేత చీర ఎంచుకుని, వెళ్ళేటప్పుడు నాతో, “మీ కొట్లో చీరలు బాగుంటాయండి. రావడమే బాగోదు,” అన్నారు.

నేను సిగ్గుపడ్డాను. మర్నాడే మెట్ల పక్క వాలు దారి దగ్గరున్న చోట నీలం గీతలు కొట్టించి, మధ్యలో చక్రాల కుర్చీ బొమ్మ వేయించాను. ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు చాలా వచ్చాయి. నడవలేని వాళ్ళకి తప్ప ఎవరికీ ఇవ్వొద్దని పెద్దాయనకి చెబితే, ‘ఆయ్, పంటు మీద చోటులాంటిదన్నమాటండి’ అని తలూపాడు. ఆయనకి అంతకు మించి వివరించే పని పడలేదు.

వివరించాల్సింది మిగతా ఊరికి. నీడ పడే చోటు, మెట్లకి దగ్గర చోటు, పైగా ఎప్పుడు చూసినా ఖాళీ. ఎవరాగుతారు? మొదటి వారం ఎవరో తెలీని వాళ్ళు పెట్టారు. రెండో వారం మా బావగారు పెట్టారు. ఆ తర్వాత సరుకు బేళ్ళు దింపడానికి మా ఆటోనే పెట్టాం. ఆలస్యమైన రోజుల్లో నా స్కూటరు కూడా అక్కడే పెట్టేవాణ్ణి. ఒప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంది గానీ, గీతలు కొట్టించింది నేనే కదా, నాకా మాత్రం చనువు లేదా అనిపించేది. అందరూ అనే మాట ఒకటే, రెండు నిమిషాలు.

పెద్దాయన ఎవరితోనూ గొడవ పడలేదు. అక్కడ కారు ఆపి దిగిన ప్రతి మనిషి దగ్గరికీ ఆదుర్దాగా వెళ్ళి, “కాలు బాగోలేదాండి? చెయ్యి అందుకోమంటారా?” అని భుజం ఇవ్వబోయేవాడు. కొందరికి కోపం వచ్చేది. కొందరు సిగ్గుపడి కారు తీసేవాళ్ళు. ఒక పెద్దమనిషి మాత్రం అవునని తలూపి, కుంటుకుంటూ మెట్లెక్కాడు. గంట తర్వాత ఏ కాలో మర్చిపోయి రెండో కాలు కుంటుతూ దిగాడు. పెద్దాయన జాలిగా ఆయన చెయ్యి పట్టుకుని కారెక్కించాడు. అది వెటకారమా, నిజమైన జాలా? నన్ను కూడా ఒకసారి అలాగే అడిగాడు. ఆయన కళ్ళల్లో నాకు కొంటెతనం కనిపించలేదు. కనిపించి ఉంటే బాగుండేది, కోప్పడేవాణ్ణి.

చివరికి ఫిర్యాదులు వచ్చాయి. శుభమా అని పెళ్ళి బట్టలకి వస్తే మీ వాచ్‌మన్ కాళ్ళు విరిగాయా అని అడుగుతున్నాడేంటండీ అని ఒకావిడ నా మీద మండిపడింది. ఆ మాట మానెయ్యమని పెద్దాయనకి చెప్పాను. ఆయన, “ఒక్కసారి తమరు చెప్పి చూడండి షావుకారుగారూ. నేను చెబితే వాచ్‌మన్ మాట, తమరు చెబితే కొట్టు మాట,” అన్నాడు. చూద్దాంలే అన్నాను. మా వ్యాపారంలో గడప దాకా వచ్చిన మనిషితో బండి తియ్యమని ఎలా అంటాం? అందులోనూ పొద్దున్నే వచ్చిన బోణీ బేరమైతే, మనిషి నెత్తి మీద కారు ఆపినా రండి రండి అంటాం. నాకు మా నాన్నగారు నేర్పింది అదే. ఇంకోటి నోటికి రాదు.

ఆ తర్వాత ఆయన అడ్డంగా ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలు పెట్టాడు. జనం దిగి కాలితో పక్కకి జరిపి కార్లు పెట్టుకున్నారు. తాడు కట్టాడు. విప్పి, మడిచి, మర్యాదగా ఆయన చేతికే ఇచ్చారు.

ఒకరోజు పొద్దున్న నేను వచ్చేసరికి నీలం గీతల మధ్య, సరిగ్గా బొమ్మ మీద, రెండు చెక్కలుగా కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక బొగ్గుముక్క ఉన్నాయి. దిష్టి తీసి ఎవరో పడేసినట్టు. నేను స్కూటరు దూరంగా, ఎండలో ఆపాను. ఎందుకు ఆపానని నన్ను నేను అడగలేదు. అరగంటలో మూడు కార్లు వచ్చాయి. మూడూ ఆ చోటు దాకా వచ్చి, నిమ్మకాయ చూసి, వెనక్కి తిరిగాయి. ప్లాస్టిక్ డబ్బాలు కాలితో తోసిన వాళ్ళలో ఒకాయన ఈసారి టైరు నీలం గీతకి మూరెడు దూరంలో ఉండగానే బ్రేకు వేశాడు. ఇలాంటివన్నీ ఉత్తుత్తివని పెళ్ళిళ్ళలో అందరికీ ఉపన్యాసాలిచ్చే మా బావగారు ఆ వేళ కారు పక్క సందులో పెట్టుకుని నడిచొచ్చారు.

పెద్దాయన వేళ్ళకి కుంకుమ ఉంది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాత తెలిసింది, జ్యూసు బండి దగ్గర వాడిపోయి మిగిలిన కాయలు ఊరికే తెచ్చుకునేవాడట. నెలన్నర పాటు రోజూ తాజాగా పెట్టాడు. టీచరుగారు రాగానే ఊడ్చి పారెయ్యాలని చీపురు కూడా స్తంభం వెనక సిద్ధంగా ఉంచుకున్నాడు. ఇన్నాళ్ళకి నా గీతలకి మర్యాద దొరికిందని నేను సంతోషపడ్డాను. ఆ చోటు ఎవరికోసమో ఆ వ్యక్తి నెలన్నరగా రాలేదన్న సంగతి నాకు తట్టనేలేదు.

టీచరుగారు నాకు బ్యాంకులో కనిపించారు. మొహం తిప్పుకున్నారు. నేనే వెళ్ళి పలకరించాను. అప్పుడు చెప్పారు. మూడుసార్లు వచ్చారట. మూడుసార్లూ వాళ్ళమ్మగారు రోడ్డు మీంచే, వెనక సీట్లోంచి ఆ నిమ్మకాయ చూసి, బండి తిప్పించేశారట. అన్ని చోట్లుండగా కుంటివాళ్ళ చోట్లోనే పెట్టారంటే ఎవరి పీడో మన పిల్ల మీదికి తోస్తున్నారని ఆవిడ నమ్మకం. టీచరుగారికి అలాంటి నమ్మకాలు లేవు. ఆవిడ బాధ వేరు. “నేను రావడం ఇష్టం లేకపోతే బోర్డు పెట్టండి, మానేస్తాను. నిమ్మకాయలెందుకండీ?” అన్నారు.

ఈ మాట తీసుకెళ్ళి పెద్దాయనకి చెప్పాను. పంటు మీద ఖాళీ ఉంచి, ఎక్కాల్సిన మనిషినే ఒడ్డున వదిలేసి వచ్చానన్నమాట అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఆ రోజు అన్నం తినలేదని కొట్లో అమ్మాయిలు చెప్పారు.

నేను బతిమాలితే ఆ ఆదివారం టీచరుగారు వచ్చారు, వెనక అమ్మగారు. పెద్దాయన చీపురు పట్టుకోలేదు. వంగి నిమ్మచెక్క తీసి, కుంకుమని తన ఖాకీ చొక్కాకి తుడిచి, వాళ్ళిద్దరూ చూస్తుండగా నోట్లో పిండుకున్నాడు. రెండో చెక్క కూడా పిండుకున్నాడు. మొహమంతా ముడుచుకుపోయింది. “ఉత్త కాయేనండి అమ్మగారూ. కార్లోళ్ళ కోసం పెట్టానండి. తమరి కోసం కాదండి,” అన్నాడు. అమ్మగారు కళ్ళు మూసుకుని ఏదో జపిస్తున్నారు. టీచరుగారు మాత్రం పకపకా నవ్వారు. స్కూటీ నీలం గీతల మధ్యకి తెచ్చి ఆపి, కర్రలు తీసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వాలు దారి మీదుగా పైకి వెళ్ళారు. పెద్దాయన ఒక అడుగు వెనగ్గా, చేతులు కట్టుకుని నడిచాడు. ఆ నడకలో ఎంత దర్జా ఉందో నేను చెప్పలేను. అమ్మగారు స్కూటీ దిగలేదు.

తొమ్మిదో రోజున పెద్దాయన పోయాడు. తెల్లారి నిద్ర లేవలేదట. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఊరు నిమ్మకాయ అని చెప్పింది.

ఆ తర్వాత నిమ్మకాయ పెట్టే మనిషి లేకపోయినా ఆ చోటు ఖాళీగానే ఉంది. జాగా కిక్కిరిసిన రోజున కూడా అందులోకి ఎవరూ చక్రం పెట్టలేదు. పెద్దాయన అక్కడే ఉన్నాడని, సందడి తగ్గాక ‘ఒరిగిపోద్ది’ అన్న మాట వినిపిస్తుందని అమ్మాయిలు చెప్పుకున్నారు. నా స్కూటరు కూడా నేను అక్కడ పెట్టలేదు. బుద్ధొచ్చి మానేశానా, భయమేసి మానేశానా? టీచరుగారొక్కరే ధైర్యంగా వచ్చేవారు. ఒంటరిగా వచ్చేవారు, అమ్మగారు ఇక మా వీధికే రానన్నారు. ఎప్పుడొచ్చినా చోటు ఉండేది. ఆవిడకి ఇన్నాళ్ళుగా కావాల్సింది అదే. దాంతో సంతోషంగా ఉన్నారా అంటే లేరు. మనిషి చచ్చిపోయి ఇచ్చిన చోటండీ ఇది, ఎలా తీసుకోవాలో తెలియడం లేదు అన్నారొకసారి.

నాలుగు నెలలకి పెద్దాయన భార్య కొట్టుకి వచ్చింది. ఆవిణ్ణి అదే చూడడం. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. కోటిపల్లి దాకా పాకిపోయింది మాట. దిష్టి కాయలు తిన్నాడు, దెయ్యమై షావుకారు కొట్టు ముందు కూర్చున్నాడు అంటున్నారట. “కుళాయి దగ్గరికెళ్తే బిందెలు పక్కకి జరుపుకుంటన్నారండి. ఆయన ఎవరికీ కీడు చేసే మనిషి కాదండి. తమరు ఏదో ఒకటి చేసి ఆ మాట పోగొట్టండి బాబుగారూ,” అంది.

చెయ్యడం ఎంతసేపు? పంతులుగారిని పిలిచి పుణ్యాహవచనం చేయించి, ఆ చోట నీళ్ళు చల్లించి, నలుగురి ముందూ జరిగింది జరిగినట్టు చెబితే భయం పోతుంది. భయం పోతే కార్లు వస్తాయి. వారం రోజులు కొట్టుకున్నాను. తేల్చుకోలేక టీచరుగారినే అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత పిరికి పనో తెలుస్తోంది. ఆవిడ, “ఆవిడ నీళ్ళు పట్టుకోవాలి కదండీ. చేయించండి. ఆ చోటు కాపాడాల్సింది మీరు, చచ్చిపోయిన మనిషి కాదు,” అన్నారు.

చేయించాను. ఆ రోజు రమ్మని పెద్దాయన భార్యకి కబురు కూడా పంపాను. పంతులుగారు మంత్రాలు చదివి మావిడాకుతో నీళ్ళు చల్లారు. కొబ్బరికాయ కొట్టాం. ఇరుగు పొరుగు కొట్ల వాళ్ళందరి ముందూ నిలబడి, నిమ్మకాయలు కార్లు ఆపడానికి పెద్దాయన వేసిన ఎత్తు తప్ప ఇంకేమీ కాదని గట్టిగా చెప్పాను. అందరూ హాయిగా నవ్వుకున్నారు. ఎంత తెలివైనవాడో అన్నారు. తడిసిన నీలం గీతలు మెరుస్తున్నాయి. పెద్దాయన భార్య వచ్చే బస్సు ఇంకా రాలేదు.

పంతులుగారు వెళ్ళి పావుగంట కాలేదు, తెల్ల కారొకటి తిన్నగా వచ్చి ఆ తడి మీదే ఆగింది. నలభై ఏళ్ళాయన, భార్య, ఇద్దరు పెద్దవాళ్ళు దిగారు. పెళ్ళి బట్టలకి. ఆ రోజుకి అదే బోణీ. నేను మెట్ల మీదే ఉన్నాను. బండి అక్కడ కాదండి అన్న మాట గొంతు దాకా వచ్చింది, నిజంగానే వచ్చింది. నా నోరు తెరుచుకుని, “రండి రండి, లోపలికి దయచెయ్యండి,” అంది.

వాళ్ళు పైన చీరలు చూస్తుండగా టీచరుగారు వచ్చారు. వీధి మొగలో స్కూటీ ఆపి కారుకేసి చూశారు, నాకేసి చూశారు. నేను చెయ్యెత్తి ఒక్క నిమిషం అన్నట్టు సైగ చేశాను. అప్పటికే ఆవిడ బండి తిప్పేశారు.

ఆ తర్వాత దిగింది పెద్దాయన భార్య. బస్సు ఆలస్యమైందని చెప్పుకుంది. పూజ అయిపోయిందని, అందరికీ చెప్పానని నేను చెబితే, రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. నేను ఆపలేకపోయాను. కళ్ళు తుడుచుకుని, ఆయన కాపలా కాసిన చోటు ఎక్కడండీ, ఒక్కసారి చూసి పోతాను అంది.

కారు వైపు చూపించాను.

ఆవిడ దగ్గరికి వెళ్ళి, వంగి, చక్రాల మధ్య నుంచి కనిపిస్తున్న నీలం గీతని చూసింది. చీర కొంగుతో దాని చివర కాస్త తుడిచింది కూడా. లేచి నిలబడి, “ఎవరో నడవలేనోళ్ళు వచ్చినట్టున్నారు కదండీ,” అంది. మొహం విప్పారింది.

“అవునమ్మా,” అన్నాను.

అంతలో తెల్ల కారాయన మర్చిపోయిన ఫోను కోసం మెట్లు రెండేసి చొప్పున దిగుతూ వచ్చాడు. తాళం నొక్కాడు. కారు కూతపెట్టింది. ఆవిడ చప్పున పక్కకి తప్పుకుంది. ఆయన తలుపు తీసి, ఫోను తీసుకుని, తలుపు వేసి, వచ్చినంత వేగంగానూ పైకి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆయన కాళ్ళకేసి చూసింది, పై మెట్టు దాటేదాకా చూసింది. తర్వాత నాకేసి తిరిగి, వెళ్ళొస్తానండి, తమరి మేలు మర్చిపోనండి అని మళ్ళీ దణ్ణం పెట్టింది. అది నమ్మి పెట్టిన దణ్ణమో, నా పరువు కోసం పెట్టిన దణ్ణమో నాకు ఇప్పటికీ తెలీదు.